మోరిస్ మైనర్‌కి 7 అంగుళాల హెచ్4 హెడ్‌లైట్ కిట్: బిగించి, రాత్రిళ్ళు నడిపి చూశాక రివ్యూ

ముందే చెప్పేస్తా, ఈ కిట్ కొనుక్కోవచ్చు. కాకపోతే దీంట్లో అసలు పని చేసేది డబ్బా మీద పెద్ద బొమ్మేసి చూపించిన అద్దాలు కాదు, అట్టపెట్టె అడుగున ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టిన వైరింగ్. చాలామంది అద్దాలు బిగించేసి ఆ వైర్ల చుట్టని ఓ మూల పడేస్తారు, నెల తిరక్కుండా "హాలోజన్ వేసినా పెద్ద తేడా లేదండీ" అని మొదలుపెడతారు. తేడా తెచ్చేది మూలన పడేశాక తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది.

నా బండి పాత బ్రిటిష్ కారు మోరిస్ మైనర్ 1000. 12 వోల్టులు, కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్ కాదు డైనమో, పాజిటివ్ ఎర్త్ (అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి తగిలి ఉంటుంది), డిమ్ బ్రైట్ మార్చడానికి కాలితో నొక్కే స్విచ్. కిట్‌లో వచ్చినవి రెండు గాజు అద్దం రిఫ్లెక్టర్ యూనిట్లు, రెండు హెచ్4 బల్బులు 60/55 వాట్లవి, బల్బు వెనక తొడిగే రబ్బరు టోపీలు, రెండు రిలేలున్న (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే స్విచ్చులు) వైరింగ్ సెట్టు, ఒక ఫ్యూజ్ హోల్డర్, కాసిని స్క్రూలు, ఎవరికీ పనికిరాని ఒక కాగితం. కంపెనీ పేరు రాయట్లేదు, ఇలాంటి కిట్లు బోలెడు పేర్లతో దొరుకుతున్నాయి కాబట్టి ఏం చూసి కొనాలో చెప్తే మీకు ఎక్కువ ఉపయోగం.

7 అంగుళాలు అనే సైజు పాత కార్ల వాళ్ళకి నిజంగా వరం. అమెరికాలో 1940 మోడల్ కార్ల నుంచి 7 అంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్‌ని స్టాండర్డ్ చేసేశారు, అంటే ఫిలమెంటు, రిఫ్లెక్టర్, ముందు అద్దం అన్నీ కలిపి ఒకే సీసాలా మూసేసినవి, కాలిపోతే మొత్తం మార్చాల్సిందే. ఆ సైజు మిగతా దేశాలకీ పాకింది. మినీ, ఎంజీబీ, పాత ల్యాండ్ రోవర్, జీపు, అన్నిటికీ అదే గుండ్రం. అసలు మైనర్‌కి లైట్లు ఇప్పుడున్న చోట ఉండటానికి కూడా అమెరికానే కారణం తెలుసా, 1948లో కారు వచ్చినప్పుడు లైట్లు కింద గ్రిల్ పక్కన ఉండేవి, అమెరికా వాళ్ళ హెడ్‌లైట్ ఎత్తు రూల్ కోసం వాటిని మడ్‌గార్డుల పైకి ఎక్కించారు. అందం పోయిందని డిజైన్ చేసినాయన బాధపడి ఉంటాడేమో గానీ రాత్రిపూట నడిపేవాడికి మాత్రం మేలే జరిగింది. ఇక హెచ్4 అనేది 1971లో వచ్చిన హాలోజన్ బల్బు, డిమ్‌కి ఒకటి బ్రైట్‌కి ఒకటి, ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు. బల్బు మాత్రమే మార్చుకునే వీలు ఉంటుంది కాబట్టి సీల్డ్ బీమ్ తీసేసి ఈ యూనిట్ పెట్టడం చాలా దేశాల్లో పాత కార్ల వాళ్ళు చేసే పనే.

సరే, అసలు విషయానికి వస్తా. కొనే ముందు ఒక మల్టీమీటర్ తీసుకుని ఇంజన్ కొంచెం రేజ్ చేసి పెట్టి, లైట్లు వేసి, బ్యాటరీ దగ్గర వోల్టేజ్ చూడండి, తర్వాత హెడ్‌లైట్ వెనక ప్లగ్గు దగ్గర చూడండి. ప్లగ్గు పీకేసి చూస్తే లాభం లేదు, బల్బు వెలుగుతూ ఉండగానే చూడాలి. నా బండిలో బ్యాటరీ దగ్గర 13.6, బల్బు దగ్గర 11.6. రెండు వోల్టులు దారిలోనే మాయం. రెండు వోల్టులే కదా అనిపిస్తుంది, కానీ ఫిలమెంటు బల్బుకి వెలుగు వోల్టేజ్‌తో సమానంగా తగ్గదు, దాదాపు మూడున్నర ఘాతంలో తగ్గుతుంది, అంటే వోల్టేజ్ 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం పోతుంది. నా లెక్కలో రావాల్సిన వెలుగులో 60 శాతం కూడా రావట్లేదు. ఇలాంటి చోట కొత్త అద్దం పెట్టి ఏం ప్రయోజనం, పైపులో నీళ్ళు రాకపోతే కొత్త కుళాయి బిగించినట్టే.

ఆ వోల్టులు ఎటు పోతున్నాయంటే, పాత కార్లలో రిలేలు ఉండవు, బ్యాటరీ నుంచి కరెంటు మొత్తం డ్యాష్‌బోర్డు మీద లైట్ స్విచ్‌కి వచ్చి, అక్కణ్ణుంచి కాలి కింద డిమ్ స్విచ్‌కి పోయి, మళ్ళీ ముందుకి పోయి, బుల్లెట్ కనెక్టర్లు దాటి బల్బు చేరాలి. సన్న వైరు, అరవై ఏళ్ళ నాటి కాంటాక్టులు, తుప్పు పట్టిన ఎర్త్. పైగా కాలి స్విచ్ ఉండేది ఎక్కడ, ఫ్లోర్ మీద, తడి బూట్ల కింద. పాత బల్బులు తక్కువ వాట్లవి కాబట్టి ఎలాగో లాక్కొచ్చాయి, ఇప్పుడు అదే దారిలో రెండు 60 వాట్ల బల్బులకి 10 ఆంపియర్లు పంపిస్తే వెలుగు రాదు సరికదా స్విచ్ వేడెక్కుతుంది. పాత స్విచ్చులు కరిగిపోయి కంపు కొట్టే కథలు పాత కార్ల వాళ్ళలో ఎవర్నడిగినా చెప్తారు.

రిలే పెడితే పాత స్విచ్‌ల మీద పడే భారం కాస్తే, రిలే కాయిల్‌ని లాగడానికి సరిపడా అంతే. అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజ్ గుండా, మందపాటి వైరులో, రిలే 30 నంబర్ పిన్నుకి వచ్చి 87 నుంచి నేరుగా బల్బుకి వెళ్తుంది. 85, 86 కాయిల్‌వి. ఈ నంబర్లు ఏ కంపెనీ రిలే అయినా దాదాపు ఇవే కాబట్టి ఒకసారి బుర్రకెక్కించుకుంటే చాలు. కిట్ వైరింగ్ ఎలా పని చేస్తుందంటే ఒక వైపు పాత హెడ్‌లైట్ ప్లగ్గుని దీనికి తగిలిస్తే అది రిలేలకి సిగ్నల్ ఇస్తుంది, రెండో వైపు పాత ప్లగ్గు ఖాళీగా ఉంటుంది, దాన్ని టేపు చుట్టి కట్టేయాలి. పాత వైర్లేవీ కోయక్కర్లేదు, రేపు ఒరిజినల్‌గా చేయాలనుకుంటే ఒక పూటలో వెనక్కి వెళ్ళిపోవచ్చు, నాకు ఈ కిట్‌లో నచ్చిన మొదటి విషయం ఇదే. బ్రైట్ వేసినప్పుడు డ్యాష్‌లో వెలిగే చిన్న బల్బు కూడా మామూలుగానే పనిచేస్తోంది.

వైరు రంగుల సంగతి కూడా చెప్తాను, లూకాస్ అనే కంపెనీ వైరింగ్ ఉన్న బ్రిటిష్ కార్లన్నిటికీ పనికొస్తుంది. నీలం మీద తెల్ల గీత ఉంటే బ్రైట్, నీలం మీద ఎర్ర గీత ఉంటే డిమ్, నల్లది ఎర్త్, ఉత్త ఎర్రది సైడ్ లైట్లకి. ఏళ్ళ తరబడి దుమ్ము పట్టి అన్నీ ఒకే మట్టి రంగులో కనిపిస్తాయి, కొంచెం థిన్నర్ గుడ్డతో తుడిస్తే గీత బయటపడుతుంది.

ఇప్పుడు పాజిటివ్ ఎర్త్ బళ్ళున్న వాళ్ళు కాస్త ఆగి చదవండి. కిట్‌తో వచ్చిన కాగితంలో ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్‌కి, నల్ల వైరు బాడీకి అని రాసుంది. మన బళ్ళలో ప్లస్సే బాడీకి ఉంటుంది, అలా పెడితే రెండూ ఒకచోటికే వెళ్ళి ఏమీ వెలగదు. ఎర్రది బ్యాటరీ మైనస్‌కి పెట్టాలి, నల్లది బాడీకే. మామూలు హాలోజన్ బల్బుకి ప్లస్ మైనస్ పట్టింపు లేదు. అసలు చిక్కు రిలేలో ఉంటుంది, కొన్ని రిలేల లోపల 85, 86 మధ్య కరెంటుని ఒక వైపే పోనిచ్చే డయోడ్ ఒకటి పెడతారు, దానికి 86 ప్లస్ 85 మైనస్ అయి తీరాలి. మన బండిలో అది తిరగబడుతుంది, కరెంటు కాయిల్‌ని వదిలేసి డయోడ్ గుండా సూటిగా పారిపోతుంది, షార్ట్ అన్నమాట. ఆ కాలం బ్రిటిష్ కార్లలో చాలావాటికి హెడ్‌లైట్ లైనుకి ఫ్యూజే ఉండదు, కాబట్టి కాలేది పాత వైరింగే. రిలే పక్కన గీసిన చిన్న బొమ్మలో డయోడ్ గుర్తు ఉందో లేదో చూసుకోండి, నమ్మకం లేకపోతే మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి రెండు వైపులా తిప్పి చూడండి. నాకొచ్చిన రిలేల్లో డయోడ్ ఉంది. కాయిల్ వైర్లు రెండూ అటుదిటు మార్చి సాకెట్‌లో పెట్టాను, పెద్ద పనేం కాదు, కానీ ఆ మాట కాగితంలో ఒక్క ముక్క లేదు. పాత కార్ల కోసం అని డబ్బా మీద అంత పెద్దక్షరాలతో వేసుకున్నప్పుడు ఇది చెప్పకపోవడం నాకు అస్సలు నచ్చలేదు, దీనికే ఒక స్టార్ కోసేస్తున్నా.

బిగించడం గురించి. రిమ్ కింది వైపు నుంచి తీయాలి, స్క్రూడ్రైవర్ మొనకి గుడ్డ చుట్టి మెల్లగా తిప్పితే ఊడొస్తుంది, గుడ్డ లేకపోతే పెయింటు ఊడొస్తుంది. లోపల అద్దాన్ని పట్టుకునే రింగు స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి, ముందు రోజే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి వదిలేయండి. ఇక్కడ రెండు పొడుగాటి స్క్రూలు కనిపిస్తాయి, పైనొకటి పక్కనొకటి, అవి లైటు పైకీ కిందకీ, పక్కలకీ తిప్పేవి, కంగారులో వాటిని ఊడదీయకండి. తీశాక వెనక ఉన్న గిన్నెని ఒకసారి వేలితో నొక్కి చూడండి. ఇనప గిన్నె అయితే చక్రం ఎగరేసే బురదంతా దాని వెనకే కొట్టుకుంటుంది కాబట్టి లోపల్నుంచి తినేసి ఉంటుంది, గుచ్చుకుంటే ఇప్పుడే మార్చేయడం మేలు, ప్లాస్టిక్‌వి దొరుకుతున్నాయి, ఈ కిట్‌లో మాత్రం రావు.

ఇంకో సంగతి, సీల్డ్ బీమ్ రాకముందు వేరే బల్బు ఉండే లూకాస్ యూనిట్ల గిన్నె వేరు, సీల్డ్ బీమ్ గిన్నె వేరు. పాతదాంట్లో స్ప్రింగులున్న మూడు స్క్రూల మీద యూనిట్‌ని నొక్కి తిప్పితే కూర్చుంటుంది, కొత్తదాంట్లో అద్దం వెనకున్న మూడు బొడిపెలు రింగు గాడిలో పడాలి. ఈ కిట్ రెండో రకానిది. మీ గిన్నె ఏదో చూడకుండా ఆర్డర్ చేస్తే అద్దం చేతిలో పట్టుకుని కూర్చోవాలి. వెనక లోతు కూడా కొలుచుకోండి, హెచ్4 బల్బు, ప్లగ్గు, రబ్బరు టోపీ కలిపి సీల్డ్ బీమ్ కంటే వెనక్కి ఎక్కువ పొడుచుకొస్తాయి. నాకు సరిపోయింది, కాకపోతే వైర్లని పక్కకి వంచి పెట్టాల్సొచ్చింది.

బల్బు గాజుని వేళ్ళతో ముట్టుకోవద్దని అందరూ చెప్పేదే, చేతి జిడ్డు అంటుకున్న చోట వేడి పెరిగి గాజు దెబ్బతింటుంది, అంటుకుంటే స్పిరిట్‌తో తుడిచేయండి. కానీ రిఫ్లెక్టర్ లోపల మరక కనిపించిందని గుడ్డతో రుద్దేవాళ్ళకి మాత్రం దండం పెడతా. అది పల్చటి అల్యూమినియం పూత, ఒక్క రుద్దుతో పోతుంది, దుమ్ముంటే గాలితో ఊదండి చాలు.

రిలేలు ఎక్కడ పెట్టాలన్నది మీ ఇష్టం, కానీ పిన్నులు కిందకి ఉండేలా బిగించండి, నీళ్ళు లోపలికి దిగవు. ఎర్త్ వైరుని పెయింటు గీకేసి, ఇనుము మెరిసేదాకా రుద్ది, బోల్టు వేసి, పైన వాజిలిన్ పూసేయండి. కిట్‌లో ఇచ్చిన ఎర్త్ రింగు చాలా చిన్నది, నేను పెద్దది క్రింప్ చేసుకున్నా. ఒకే ఫ్యూజ్ ఇవ్వడం కూడా నాకు నచ్చలేదు, అది పోతే రెండు లైట్లూ డిమ్మూ బ్రైటూ అన్నీ ఒకేసారి పోతాయి, మలుపులో ఉండగా పోతే ఏంటి పరిస్థితి? డిమ్‌కి ఒకటి బ్రైట్‌కి ఒకటి వేరే వేరే ఫ్యూజులు పెట్టుకున్నాను, ఒకటి పోయినా ఇంకోదానితో పక్కకి తీసుకునే టైమ్ ఉంటుంది.

అన్నీ అయ్యాక మళ్ళీ మీటర్ పెట్టి చూస్తే బల్బు దగ్గర 13.2. లెక్క ప్రకారం 90 శాతం వెలుగు వస్తున్నట్టు. పాత సీల్డ్ బీమ్ పసుపు పచ్చగా, గుడ్డి దీపంలా ఉండేది, ఇప్పుడు రోడ్డు అంచు, గుంతలు, నడిచేవాళ్ళ కాళ్ళు ముందుగానే కనిపిస్తున్నాయి. ఎల్‌ఈడీ కార్లలా పగలు చేసేస్తుందని మాత్రం అనుకోకండి, అంత ఉండదు, ఉండక్కర్లేదు కూడా, డ్రమ్ బ్రేకుల బండిని ఎంత స్పీడులో నడుపుతాం చెప్పండి.

అద్దం నాణ్యత బాగుంది. గీతల గాజు, కొంచెం ఉబ్బెత్తుగా ఉంది, దూరం నుంచి చూస్తే మార్చినట్టే తెలీదు. పారదర్శకంగా లోపల వజ్రాల్లా మెరిసే రకం కూడా అమ్ముతారు, ఇష్టమైనవాళ్ళు పెట్టుకోండి, నాకైతే పాత కారు ముఖానికి అది నప్పదు. పాత లూకాస్ పీ700లో అద్దం వెనక మూడు కాళ్ళ ముక్కాలి పీటలా ఒకటి కనిపిస్తుంది చూడండి, ఆ అందం కావాలంటే ఆ రకంలోనే హెచ్4 పట్టేవి విడిగా వెతుక్కోవాలి.

అద్దం మీద గుర్తులు తప్పకుండా చదవండి. వృత్తంలో ఇంగ్లీషు E అక్షరం, పక్కన అంకె ఉంటే యూరప్ రూల్స్ ప్రకారం పరీక్ష చేసి ఆమోదించిందని. హెచ్‌సీఆర్ అని ఉంటే హాలోజన్ డిమ్మూ బ్రైటూ రెండూ అని. అన్నిటికంటే ముఖ్యమైంది బాణం గుర్తు. ఈ రకం అద్దంలో డిమ్ లైటు రెండు వైపులా సమానంగా పడదు, ఎదురొచ్చేవాళ్ళ వైపు కిందకి ఆగిపోయి రోడ్డు అంచు వైపు పైకి లేస్తుంది. ఎడమ వైపు నడిపే దేశాలకి ఒక అద్దం, కుడి వైపు నడిపే దేశాలకి ఇంకోటి. కారు ముందు నిలబడి చూస్తే బాణం మీ కుడి చేతి వైపు చూపిస్తుంటే అది ఎడమ వైపు ట్రాఫిక్‌ది, బాణమే లేకపోతే కుడి వైపు ట్రాఫిక్‌ది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫొటో పెద్దది చేసి ఇది చూడాల్సిందే, ఎందుకంటే తప్పు అద్దం పెడితే పైకి లేచే ఆ ముక్క సరిగ్గా ఎదుటివాడి కళ్ళలో పడుతుంది, ఎన్ని స్క్రూలు తిప్పినా అది సరికాదు.

స్క్రూలంటే గుర్తొచ్చింది, లైట్లు సెట్ చేయకుండా రోడ్డెక్కకండి. చదునైన నేల, ఎదురుగా గోడ, టైర్లలో గాలి సరిగ్గా, డ్రైవర్ సీట్లో మీ అంత బరువు మనిషి. నేల నుంచి లైటు మధ్య వరకూ ఎత్తు కొలిచి గోడ మీద అదే ఎత్తులో టేపు అంటించండి. 10 మీటర్ల దూరంలో డిమ్ వెలుగు పై గీత ఆ టేపుకి 10 సెంటీమీటర్లు కిందకి ఉండాలి, అంటే 1 శాతం. చోటు లేకపోతే 5 మీటర్లకి 5 సెంటీమీటర్లు. ఒక లైటుని అట్టముక్కతో కప్పి ఇంకోటి చూడండి. వెనక స్ప్రింగు పట్టీలు కుంగిన బండి అయితే ముక్కు పైకి లేచి ఉంటుంది, వెనక మనుషులు ఎక్కితే ఇంకా లేస్తుంది, అలాంటివాళ్ళు ఇంకాస్త కిందకి పెట్టుకోవడం మంచిది. హెచ్4 అద్దానికి ఈ గీత స్పష్టంగా పడుతుంది కాబట్టి పని తేలిక, పాత సీల్డ్ బీమ్‌లో ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలిసేది కాదు.

అదే గిన్నెలో హెచ్4 సైజు ఎల్‌ఈడీ బల్బు పెట్టేయొచ్చు కదా, కరెంటూ తక్కువ అని అడిగేవాళ్ళు ఉంటారు. నేనైతే వద్దంటాను. హెచ్4 డిమ్ ఫిలమెంటు కింద ఒక చిన్న రేకు దొన్నె ఉంటుంది, వెలుగుని రిఫ్లెక్టర్ పై సగానికే పంపించడానికి, రిఫ్లెక్టరూ అద్దం మీద గీతలూ అన్నీ ఆ ఫిలమెంటు ఉన్న చోటుని లెక్కేసి చేసినవే. ఎల్‌ఈడీ చిప్పులు సరిగ్గా అక్కడే ఉండవు, వెలుగు చెల్లాచెదురై ఎదుటివాణ్ణి గుడ్డివాణ్ణి చేస్తుంది, మీకేమో దగ్గరంతా తెల్లగా దూరం నల్లగా కనిపిస్తుంది. చాలా దేశాల్లో ఇన్‌స్పెక్షన్‌లో కూడా ఒప్పుకోరు. పాజిటివ్ ఎర్త్ బండిలో అయితే చాలావరకు అసలు వెలగనే వెలగవు.

100/90 వాట్ల బల్బులు వేద్దాం అనే ఆలోచన కూడా పక్కన పెట్టండి. నా డైనమో లూకాస్ సీ40, ఇవ్వగలిగేదే 22 ఆంపియర్లు, అదీ ఇంజన్ తిరుగుతున్నప్పుడు. 55 వాట్ల డిమ్ రెండూ కలిపి 9 ఆంపియర్ల దాకా తీసుకుంటాయి, ఇగ్నిషన్ కాయిల్, వెనక లైట్లు, వైపర్ కలిస్తే అప్పుడే హద్దు దగ్గరికి వచ్చేస్తాం. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఆగితే డైనమో ఏమీ ఇవ్వదు, లైట్లు కొంచెం డల్ అవుతాయి, అది కిట్ తప్పు కాదు, బండి కదిలి వెళ్ళగానే మళ్ళీ వస్తాయి. ఎక్కువ వాట్ల బల్బు వేడికి ప్లగ్గులు కరుగుతాయి, రిఫ్లెక్టర్ పూత నల్లబడుతుంది, రోడ్డు మీద వాడటానికి పర్మిషనూ ఉండదు.

కిట్ మీద మిగిలిన ఫిర్యాదులు చిన్నవే. అద్దానికీ రింగుకీ మధ్య రబ్బరు గ్యాస్కెట్ మరీ పల్చన, నేను పాతదే కడిగి వాడాను. సైడ్ బల్బు కోసం రిఫ్లెక్టర్‌లో ఒక రంధ్రం ఉంది, అవసరం లేనివాళ్ళకి మూయడానికి ఇచ్చిన బిరడా వదులుగా ఉంది, అతికించకపోతే అందులోంచి తేమ లోపలికి వెళ్ళి అద్దం లోపల మంచు పట్టినట్టు అవుతుంది. స్క్రూలు నాసిరకం, స్టెయిన్‌లెస్‌వి తెచ్చుకోండి. బల్బులు బాగానే ఉన్నాయి, ఇంతవరకూ పోలేదు. వైరు మందం బాగుంది, రిలేలు గట్టిగా టక్‌మని కొడుతున్నాయి, కాలితో స్విచ్ నొక్కినప్పుడల్లా బానెట్ కింద నుంచి ఆ చప్పుడు వినిపిస్తుంటే ఎందుకో తెలీదు భలే సరదాగా ఉంటుంది.

మొత్తానికి అయిదుకి నాలుగు ఇస్తాను, వైరింగ్ ఒక్కదానికే విడిగా అయిదు. అద్దాలు మీకు ఆల్రెడీ మంచివే ఉంటే ఇదే కంపెనీ రిలే వైరింగ్ విడిగా కూడా అమ్ముతోంది, అది ఒక్కటి కొనుక్కున్నా సగం పైన పని అయిపోతుంది. తీసేసిన సీల్డ్ బీమ్‌లు మాత్రం పారేయకుండా గుడ్డ చుట్టి దాచండి, షోలకి వెళ్ళేవాళ్ళని ఒరిజినల్ పార్టులు అడుగుతారు. ఇంకా 6 వోల్టుల మీద నడుస్తున్న బళ్ళవాళ్ళు ఈ కిట్ జోలికి రావద్దు, బల్బులూ పని చేయవు రిలే కాయిల్స్ కూడా లాగవు. 6 వోల్టుల హెచ్4 బల్బులు, 6 వోల్టుల రిలేలు విడిగా దొరుకుతాయి, వాటికి వైరు దీనికంటే మందంగా ఉండాలి, ఎందుకంటే అదే 60 వాట్లకి ఒక్కో బల్బు 10 ఆంపియర్లు లాగుతుంది.